పూలమడిలో ఆముదపుచెట్టు

సంస్కరింపవలసిన విషయములు లోకమున వేయి యుండగా పూలమడిని గూర్చి వ్రాయుట యేమని చదువరులు మమ్మడుగవచ్చును. మా దోషము ఆ మడిలోనే బయటపడినది. కావున అచ్చటినుండియే చెప్పవలసి యున్నది.

మేము లండనునకు దక్షిణమున నొక చిన్న యూర కాపురమున్నాము. ఇంటి వెనుక 30 అడుగుల పొడవును, 8 అడుగుల వెడల్పును గల పూలమడి యొకటి కలదు. ఇందులోనివి యేటేట విత్తి యేటేట పీకివేయు మొక్కలు కావు. శీతకాలమున పైభాగమంతయు ఎండి నేలమట్టమై, వేరు మాత్రము మట్టిలో నిద్రించి, వసంతమున మరల చిగిర్చు బహువార్షికములు. ఫ్లాక్సు, హెలీనియము, డెల్ఫినియము, పియొనీ, ఆస్టరు మొదలగు వానిని ఎత్తును బట్టియు, పూయు మాసమును బట్టియు తీర్చి, ఒకదానిలో నొకటి యొదుగునట్లు చేయుటకు మాకు తొమ్మిదేండ్లు పట్టెను. పియొనీ యొకటి చాలును ఓర్పు పరీక్షించుటకు: దానిని కదపితిమా, రెండు మూడేండ్లు అలిగి పూయనే పూయదు. ప్రక్కయింటి ముసలాయన గోడమీదుగా చూచి మా మడిని మెచ్చుకొన్న దినమున మాకు ఆకలి వేయలేదు.

మా తండ్రిగారు 2014లో పోయిన పిమ్మట మా యమ్మ గోదావరి యొడ్డున నున్న యింటిలో నొంటిగా మిగిలెను. ఆమెను మాయొద్దనే యుంచుకొనవలెనని మాకు లేకపోలేదు. కాని 2012లో ఈ దేశపు ప్రభుత్వము పెట్టిన నిబంధన కఠినమైనది. తలిదండ్రులు వచ్చి బిడ్డలయొద్ద స్థిరపడవలెనన్నచో, వారు ముదిమిచేతనో వ్యాధిచేతనో తమ పనులు తాము చేసికొనలేని స్థితిలో నుండవలెను. బిడ్డలు ధనము పంపినను స్వదేశమున తగిన సంరక్షణ దొరకదని రుజువు చేయవలెను. మా యమ్మ నేటికిని నూతిలో చేద వేసి నీరు తోడగలదు. అదియే ఆమె నేరము. కావున ఆమె చుట్టపుచూపుగా ఏప్రిలు చివర వచ్చి, ఆఱు నెలల గడువు తీరకమునుపే అక్టోబరులో మరలిపోవుచుండెను.

మొదటిమారు వచ్చిన వారమునకే ఆమె మడి ప్రక్కన నిలిచి, "ఏరా, ఇంత చోటుంది కదా, నాలుగు చామదుంపలు పాతుకోకూడదూ? ఆ మూల మెట్టతామర వేస్తే ఎర్రగా బాగుంటుంది" అనెను. మేము నవ్వితిమి. అది మంచి నవ్వు కాదు. "ఇది మన దొడ్డి కాదమ్మా" అంటిమి. మా యూర మెట్టతామర స్నానపు నీరు పారు కాలువగట్టున మొలచును. చేమ నూతిచప్టా ప్రక్క బురదలో నుండును. ఆముదము పెంటకుప్పమీద నెవ్వరును నాటకయే లేచును. పూజకు వానిని కోసిన గుర్తు మాకు లేదు. అట్టి వానిని తెచ్చి డెల్ఫినియముల సరసన కూర్చుండబెట్టుటయా!

ఆమె మఱుమాట యాడలేదు. తూర్పు లండనులో మనవారి యంగడినుండి కూరకు తెచ్చిన చామదుంపలలో మొలకెత్తిన వానిని మూడింటిని ఏరి, రంగుల ఖాళీడబ్బాలో పాతి, చెత్తతొట్టెల వెనుక ఎవరి కంటను పడనిచోట పెట్టుకొనెను. ఆ చోటును ఆమెయే వెదకికొన్నది, మేము వలదనలేదు. నాలుగేండ్లు ఆ చేమ అచ్చటనే పెరిగినది. ఆమె వెళ్లిన పిమ్మట ప్రతి నవంబరులోను మంచు దానిని నల్లగా కుళ్లజేయుచుండెను. మేము డబ్బాను బోర్లించి మట్టిని పారబోయుచుంటిమి. ఆమె మరల ఏప్రిలులో వచ్చి, డబ్బాను వెల్లకిల త్రిప్పి, క్రొత్త దుంపలు పాతుచుండెను.

2018 వేసవిలో ఇంగ్లండున ఎండ మిక్కుటమై పచ్చికబయళ్లు గోధుమవన్నెకు తిరిగినవి. ఆ ఆగస్టులో ఆమెను ససెక్సు సీమలోని నార్థియము గ్రామమునకు, గ్రేట్ డిక్స్‌టర్ అను పేరుగల తోటను చూపుటకు తోడ్కొని పోయితిమి. ఆంగ్లేయుల తోట యెట్టుండునో చూపి మా మాట నెగ్గించుకొనవలెననియే మా యాలోచన. అచ్చటి సంగతులు కొంచెమైనను చదువుకొని పోయియుండిన అంతటి సాహసము చేసియుండము.

ఆ యింటిని 1910లో నథానియల్ లాయిడ్ అనునాయన కొని, ఎడ్విన్ లుట్యెన్స్ అను వాస్తుశిల్పిచే బాగుచేయించి పెంచుకొనెను. ఈ లుట్యెన్స్ మనకు క్రొత్తవాడు కాడు. ఢిల్లీలో నేడు రాష్ట్రపతి భవనమని పిలువబడు సౌధమును, నిజాము కొఱకు కట్టిన హైదరాబాదు హౌసును ఆయన రూపించినవే. డిక్స్‌టరులో ఆయన యూ చెట్ల కంచెల నడుమ నొక గులాబితోటను తీర్చెను. నథానియలు కుమారుడు క్రిస్టఫర్ లాయిడ్ 1921లో ఆ యింటనే పుట్టి, 2006లో మరణించువఱకు ఆ తోటనే నమ్ముకొన్నవాడు. నలువదేండ్లకు పైగా ఒక వారపత్రికలో తోటపనిని గూర్చి వ్రాసినవాడు. ఒకేచోట తరములతరబడి గులాబులను పెంచినచో నేల విసిగి, అందు క్రొత్తవానిని నాటినను ఎదుగవు. 1993లో, తన డెబ్బది రెండవయేట, ఆయన ఫెర్గస్ గారెట్ అను తోటపెద్ద తోడుగా ఆ గులాబులను వేళ్లతో పెకలించి, వాని స్థానమున అరటిని, మెట్టతామరను, డేలియాలను నాటెను. తన తలిదండ్రులనాటి గులాబులు! లుట్యెన్స్ గీచిన మళ్లు! పెద్దలు కొందఱు మండిపడిరి. ఆయన లెక్కింపలేదు. అంతటితో నిలువక, తన తోటలోని నిడుపాటి మడిలో బహువార్షికముల నడుమను మెట్టతామరను నిలిపెను.

కంచె సందునుండి లోనికి పోవుసరికి అరటియాకులు తలకు తగిలినవి. మా యమ్మ నిలిచి, చుట్టును చూచి, "దీనికి టిక్కెట్టు ఎంత పెట్టావురా?" అని యడిగెను. చెప్పితిమి. "మన రామాలయం వెనకసందులో ఊరికే చూడొచ్చు" అని కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వెను. మేమును నవ్వవలసి వచ్చెను. ఇంకను కొంతదూరము పోయి, ఎఱ్ఱకాడల ఆముదపుచెట్టొకటి కనబడగా, దాని యాకును అరచేతిలోనికి తీసికొని, నవ్వు మాని, "ఎంత బాగా పెట్టుకున్నారో" అనెను. మాకు రంగుడబ్బా జ్ఞప్తికి వచ్చినది.

ఆ రాత్రి మా మడిలోని కులీనుల పుట్టుపూర్వోత్తరములు విచారింప గడగితిమి. ఫ్లాక్సును, హెలీనియమును, ఆస్టరును ఉత్తర అమెరికానుండి ఓడలెక్కి వచ్చినవట. పియొనీ చైనాది. మేము ముద్దుగా పెంచుకొను పెద్దపూల గసగసాలు తుర్కీ, కాకససు ప్రాంతములవి. ఆంగ్లదేశమున పుట్టినది వెదకగా మడి యంచున మేము కలుపని పెఱుకుచుండు గడ్డి మాత్రము దొరకినది. మెట్టతామరకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో "ఇండికా" యున్నను దాని జన్మభూమి అమెరికాయే; మన కాలువగట్టునను అది పరదేశియే. సంక్రాంతికి మనము గుమ్మమునకు గట్టు బంతి మెక్సికోది. మిరపయు ఆ ఖండముదే. అది రాకమునుపు మన పూర్వులు ఆవకాయ నెట్లు పెట్టిరో! పోనీ, ఉష్ణదేశపు మొక్కలను ఇంగ్లండులో వెలుపల నాటుట నేటి వెఱ్ఱియా యనగా, అదియును కాదు. జాన్ గిబ్సన్ అను తోటమాలిని ఆయన ప్రభువు 1835లో మొక్కలకై ఖాసీకొండల దాక పంపెను. ఆ గిబ్సనే 1860 ప్రాంతములలో లండనులోని బాటర్సీ తోటలో ఉష్ణదేశపు మొక్కలను వేసవులందు నేలలో నాటి జనులకు చూపెను. మేము పాటించిన మర్యాద ఎవరి మర్యాదయో మాకే తెలియలేదు.

2019 ఏప్రిలులో ఆమె వచ్చినపుడు, మడిలో మూడుచోటులు నీవని చెప్పితిమి. "ఇప్పుడెందుకులే" అనెను గాని, మఱునాటికే వంటింటి కిటికీలో దుంపలు బారులు తీరినవి. ఔదార్యము క్రొత్తగా పట్టినవానికి తొందర యెక్కువ. మే మొదటివారముననే మెట్టతామరను మడిలో నాటించితిమి. రెండుమూడు రాత్రులలో మంచు కురిసి ఆకులన్నియు మాడినవి. వేరు బ్రతుకుట మా యదృష్టము. పిమ్మట మిగిలిన వానిని పదిదినములు పగలు వెలుపల నుంచి, రాత్రి లోనికి తెచ్చి, గాలికి అలవాటుచేసి, జూనులో నాటితిమి. ఇట్టి మడిలో చోటు దొరకదని మేము తలచితిమి గదా. చోటు మా కన్నులముందే యున్నది. పెద్దగసగసాలు జూనులో పూసి, ఆకు పండి, ఆకురాలుకాలము దాక ఆ స్థలమును బోసిగా విడుచును. ఏటేట ఆ గోతిని చూచి మేము సిగ్గుపడుచుంటిమి. దాని ప్రక్కనే, ముదురువేరు తెగకుండ, మెట్టతామరను కుండతోగూడ పాతితిమి. కుండలో నున్నచో ఇరుగుపొరుగు వేళ్లతో కలియదు, తీయుటయు సులభము. చేమకు మాత్రము కుండ చాలదు. దాని దాహము పెద్దది. దానిని మడి పల్లపుకొనను, మాగిన పేడయెరువు దండిగా వేసి, నేలలోనే పెట్టితిమి. బీదనేల కోరు లావెండరును దానికి దూరముగా జరిపితిమి.

ఆముదము విషయమున మాత్రము మేము పొరబడితిమి. దానిని దక్షిణపువైపున నాటగా, ఆగస్టునాటికి 7 అడుగులు లేచి, ఎండనంతయు తానే త్రాగి, వెనుకనున్న ఫ్లాక్సును నీడలో బంధించెను. ఫ్లాక్సు పీలగా సాగి బూజు పట్టినది. ఈ దేశమున సూర్యుడు దక్షిణమునుండి వాలుగా చూచును గనుక అది ఉత్తరపుటంచున నుండవలసినది. పొరుగున పిల్లలున్నారని మా యమ్మ దాని గెలలను కాయగట్టకమునుపే త్రుంచుచుండెను; ఆ గింజ విషమని ఆమెకు శాస్త్రజ్ఞులు చెప్పనక్కఱలేదు. నత్తల సంగతి వేఱుగ వ్రాయవలసినంత యున్నది. రాత్రి పదిగంటలకు టార్చిదీపము పట్టుకొని ఆమె వానిని ఏరుట చూచి మొదట పొరుగువారు దొంగ యనుకొనిరి.

సెప్టెంబరు ఉదయమున, రాగివన్నె హెలీనియముల వెనుక చేమాకులపై మంచునీరు ముత్యములై దొర్లుట మేము మడి పెంచిన పదమూడేండ్లలో చూడని శోభ. ప్రక్కయింటి ముసలాయన ఆ యాకు పేరడుగగా, మా యమ్మ మా తర్జుమాకై వేచియుండక, "చామ" అని చెప్పెను. ఆయన నాటినుండి గోడకావలినుండి సాయంకాలము "చామ" యని పలుకరించుచుండెను. తినవచ్చునా యని యడిగిన, పచ్చిది గొంతు దురద పెట్టుననియు, చింతపండుతో ఉడికించవలెననియు చెప్పుమనెను. ఆ మాట ఇంగ్లీషులో చెప్పుటకు మాకే కష్టమైనది.

ఆమె అక్టోబరు నడుమ వెళ్లిపోయెను. తాను వెళ్లిన పిదప ఆ మొక్కల గతి యేమో ఆమె యెన్నడును చూడలేదు. మేము చూచియు పట్టించుకొనలేదు. ఈమారు పొరుగాయన నేర్పెను. మొదటి మంచుకు ఆకు నల్లబడువఱకు ఆగి, కాడను జానెడు మిగిల్చి కోసి, ముల్లుపాఱతో దుంపను మెల్లగా లేపవలెను. డేలియా దుంపలను తలక్రిందుగా నుంచి నీరోడ్చవలెను. మెట్టతామర బొత్తిగా ఎండరాదు. కొలదితడి మట్టిలో కప్పి, గడ్డకట్టని చోట నుంచవలెను. నెలకొకమారు చేయిపెట్టి చూచి, కుళ్లిన దానిని తీసివేయవలెను. జూలైలో క్రొత్తవారిని మెచ్చుకొనుట యెవరికైనను చేతనగును. మా సభలలో స్వాగతోపన్యాసములు మేమును చేసియున్నాము. నవంబరు వానలో నడుము వంచుటకు పిలిచిన ఆ సభ్యులలో ఎందఱు వత్తురో మాకు సందేహము. మేము కూడ రెండు సాయంకాలములు జలుబని తప్పించుకొంటిమి. ఆ రెండు దినములలో మంచు లోతునకు దిగి ఒక చేమ పోయినది.

2020 మార్చిలో రోగభయముచే విమానములు ఆగినవి. ఆమె టిక్కెట్టు సొమ్ము తిరిగివచ్చినది. ఏప్రిలులో మేము కారుకొట్టులోని పెట్టెలు విప్పితిమి. డేలియాలు అయిదింటిలో రెండు మెత్తబడినవి, మెట్టతామరలన్నియు బ్రతికినవి, చామదుంపలలో రెండింటికి గోరంత మొలక. ఫోనులో ఆమెకు ఒక్కొక్కటియే చూపితిమి. ఆమె కన్నుకు దగ్గఱగా పెట్టుకొని చూచి, "ఆ రంగుడబ్బా ఉందా?" అని యడిగెను. ఉన్నదంటిమి. "దాన్లో వద్దులే, మళ్లోనే పెట్టు" అనెను.

జూను మొదటి ఆదివారమున ఫోనును గోడమీద ఇటుక కానించి, ఆమె చూచుచుండగా పల్లపుకొనను గుంట తీసితిమి. అచ్చట రాత్రి కావచ్చినది. ఆమె వెనుక దీపము వెలుగుచున్నది. "లోతు చాలదురా, ఇంకో బెత్తెడు తియ్యి" అనెను. తీసితిమి.