నబ్జ్ మీద వేళ్లు

మా బేటీ ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం. ఒకరోజు వాళ్ల ఫిజియాలజీ ల్యాబ్ చూపిస్తానని తీసుకెళ్లి, నన్నే కుర్చీలో కూర్చోబెట్టింది.

"అబ్బా, ఐదు నిమిషాలు ఖామోష్‌గా ఉండండి. మాట్లాడితే రీడింగ్ పెరుగుతుంది."

జర్నలిస్టుకి ఇంతకన్నా సజా ఉందా!

దండచేతికి పట్టీ చుట్టింది. స్టెతస్కోప్ పెడుతుందనుకుంటే, మణికట్టు దగ్గర నబ్జ్ మీద వేళ్లుంచి గాలి కొట్టింది. నబ్జ్ ఆగిన అంకె చూసుకుని గాలి వదిలేసింది. ఆ తర్వాతే స్టెతస్కోప్ మోచేతి మడతలో ఆనించి, ఆ అంకెకి 30 పైదాకా పాదరసం ఎక్కించి, మెల్లగా దించింది. మొదటి చప్పుడు పై అంకె, చప్పుడు పూర్తిగా ఆగితే కింది అంకె. 1905లో కొరొట్కోవ్ అనే రష్యన్ డాక్టర్ చెప్పిన తరీఖా.

"ముందే వింటే సరిపోదా బేటీ?"

"కొందరిలో చప్పుడు మధ్యలో మాయమై మళ్లీ వస్తుందబ్బా. ఆ ఖామోషీ దగ్గర మొదలుపెడితే ప్రెషర్ తక్కువని ధోకా తింటాం."

నాకు అమ్మీ గుర్తొచ్చింది. తలనొప్పి లేదు, చక్కర్ లేదు. "నాకేం బీమారీరా" అనేది. ఒకరోజు ఫజర్‌కి వజూ చేస్తూ లక్వాతో పడిపోయింది. బీపీ ఉందని ఆస్పత్రిలోనే తెలిసింది.

నా రీడింగ్ 158/96. బేటీ ఏమీ అనలేదు. కాసేపాగి మళ్లీ చూసింది. 154/94.

"ఒక్కరోజుతో తేల్చలేం. కానీ డాక్టర్‌కి చూపించుకోవాలి అబ్బా."

ఉర్దూ మీడియంలో ఖూన్ కా దబావ్, తెలుగు డిగ్రీలో రక్తపోటు. రెండు జబానుల్లో పేరు తెలుసు. నా అంకె మాత్రం ఆరోజే తెలిసింది.

మీ అంకె మీకు తెలుసా?