ఒక్క సంతకమే కదా!



ఈమధ్య మన అసోసియేషన్‌లో మూడు ఇళ్ళకు ఒకే మాట వచ్చింది. "రూపాయి ఇవ్వక్కర్లేదు, జామీనుగా ఒక్క సంతకం పెట్టండి చాలు." ఆ మూడిళ్ళలో మాదీ ఒకటి. ఆ ఇంటి వదిన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం. పేరు మాత్రం వద్దంది.

కోడంబాక్కానికి ఈ మాట కొత్త కాదు. స్టూడియోలను నమ్ముకుని ఇక్కడ కాపురాలు పెట్టిన మనవాళ్ళలో చాలామందికి షూటింగ్ ఉంటే కూలి, లేకపోతే ప్రోనోటు. సినిమా హైదరాబాదుకు తరలిపోయింది కానీ ప్రోనోట్లు ఇక్కడే ఉండిపోయాయి. 1959లో 'అప్పు చేసి పప్పు కూడు' తీసిన విజయా వాళ్ళ స్టూడియో పక్కనే వడపళనిలో ఉండేది. అందరం చూసి నవ్వుకున్నాం, అంతే!

సరే, మాకు వచ్చిన సలహాలు రెండు రకాలు. బంధువులేమో "కాదంటే ముఖం చెల్లదు, పెట్టేయండి" అన్నారు. ఆఫీసు స్నేహితులేమో "ఫోన్ ఎత్తకండి, వారంలో వాళ్ళే మానేస్తారు" అన్నారు.

సామెతల గ్రంథం తెరిస్తే ఈ రెండూ నిలవవు. మన తెలుగు బైబిల్లో జామీను ఉండటానికి 'పూటపడటం' అని మంచి మాట ఉంది. 6, 11, 17, 22 అధ్యాయాల్లో అది కనబడుతుంది, ప్రతిచోటా హెచ్చరికగానే. ఇప్పటికే చిక్కుకున్నావా, నిద్ర మానుకుని వెళ్ళి బతిమాలుకుని బయటపడు అంటుంది 6వ అధ్యాయం. 22వ అధ్యాయమైతే నీ కింద పరుపు కూడా లాక్కుపోతారు సుమా అని చెబుతుంది. ఇది పాతకాలపు సంగతేం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. ముందు అతన్ని అడిగి తర్వాత నా దగ్గరకు రండి అంటే కుదరదు.

మరి ఫోన్ ఎత్తకపోవడం? అదే గ్రంథం 3వ అధ్యాయం, చేతిలో ఉంచుకుని పొరుగువాణ్ణి రేపు రమ్మనవద్దు అంటుంది. అంటే లేనిదాన్ని రాసివ్వకు, ఉన్నదాన్ని దాచుకోకు.

పూటపడ్డవాళ్ళు బైబిల్లో లేరా అని ఒక తమ్ముడు అడిగాడు. ఉన్నారు. బెన్యామీను కోసం యూదా పూటపడ్డాడు. అవసరం వచ్చినప్పుడు తమ్ముడి బదులు తాను దాసుడిగా ఉంటానని ముందుకొచ్చాడు. హెబ్రీ పత్రిక 7వ అధ్యాయం యేసును పూటకాపు అంటుంది. ఆయన తన ప్రాణమే పెట్టాడు. చెల్లించడానికి సిద్ధపడి నిలబడ్డవాళ్ళు వీళ్ళు. మనం పెట్టే సంతకాలు అలాంటివి కావు, మన దాకా రాదులే అన్న ధైర్యంతో పెట్టేవి.

మేమిద్దరం రెండు రాత్రులు మాట్లాడుకుని ఆ ఇంటికి వెళ్ళాం. "సంతకం పెట్టలేం అన్నయ్యా, ఇదిగో 30,000. తిరిగి అడగం" అన్నాం. ఆయన కవరు వైపు చూడలేదు. "నేను అడిగింది బిచ్చం కాదు" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అంటారు. మూడు రోజుల తర్వాత వదిన వచ్చి తీసుకెళ్ళింది. ఆయన మాత్రం రెండు ఆదివారాలుగా ఆరాధనలో మా వరుసలో కూర్చోవడం లేదు.

ఫైనాన్స్‌లో అడిగింది 3 లక్షలు. అందులో ఎక్కువ భాగం పాత వడ్డీలకు. అమ్మాయి నర్సింగ్ ఫీజుకు ఈ నెల కట్టాల్సింది 90,000 మాత్రమే అని వదిన చెప్పింది. ఇంకా 60,000 కావాలి. మిగతా రెండిళ్ళవాళ్ళూ, ఇవ్వగలిగినవాళ్ళెవరైనా, గ్రూపులో రాయకుండా మాకు ఫోన్ చేయండి. 500 అయినా సరే. కాలేజీకి మేమే కట్టి రసీదు తెస్తాం. అన్నయ్యతో మాత్రం ఎవరూ ఈ ప్రస్తావన తేవద్దు.