‘ప్రతులకు’ అని రాసి ఉన్న పేజీ



మన వాళ్లు రాసిన కొత్త పుస్తకాల గురించి రాయమని కొందరు అడిగి చాలా రోజులైంది. పరీక్షలని ఒకసారి, పండగని ఒకసారి వాయిదా వేస్తూ వచ్చాం. అసలు కారణం అది కాదు. ఒక పుస్తకం విషయంలో మేం తప్పు చేశాం. అది చెప్పకుండా మిగతా పుస్తకాలు పరిచయం చేయడానికి మాకు మొహం చెల్లలేదు. అందుకని ముందు అదే చెప్తాం.

మేం ఆరుగురం. ఎచ్చెర్లలో హైవేకి దగ్గరగా ఒక గది తీసుకుని ఉంటున్నాం. సీతంపేట, భామిని వైపు సవరలం ఇద్దరం, గుమ్మలక్ష్మీపురం, కురుపాం నుంచి జాతాపులం ఇద్దరం, సాలూరు వైపు నుంచి కొండదొర ఒకరు, గదబ ఒకరు. మాకంటే ముందు ఆ గదిలో ఉన్న సీనియర్ అన్న ఖాళీ చేసి వెళ్తూ బియ్యం గోనెసంచి నిండా పాత గైడ్లు వదిలేశాడు. పనికొచ్చేవి ఏరుకుంటుంటే డీఎస్సీ గైడ్ల మధ్యలో ఒక సన్న పుస్తకం దొరికింది. తొంభై ఆరు పేజీలు. అట్ట మీద మన గోడల మీద వేసే బొమ్మ. ఎడమ పేజీలో తెలుగు అక్షరాల్లో సవర, కుడి పేజీలో అదే కవిత తెలుగులో.

ఆ రాత్రి కరెంటు లేదు. ఫోన్ లైటు పెట్టుకుని ఒకరం పైకి చదువుతుంటే మిగతావాళ్లం విన్నాం. సవర పేజీలు చదవడం అంత సులువేం కాదు. మన మాటల్లో గొంతు దగ్గర ఠక్కున ఆపి పలికే చప్పుడు ఒకటి ఉంది కదా, దానికి తెలుగులో అక్షరం లేదు. రచయిత దాని కోసం అక్షరం పక్కన పైన చిన్న కామా పెట్టుకున్నాడు. అది తెలీక మొదట్లో అంతా తప్పు చదివాం, నవ్వుకున్నాం. మూడో కవితకి అలవాటైంది. ఇంట్లో అమ్మ అనే మాట, పొలంలో తాత తిట్టే తిట్టు అచ్చులో కనపడుతుంటే సవరలం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా గదబ మిత్రుడు మాత్రం ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి, “మా తాతకి మా బాస వచ్చేది. మా నాన్నకి రాదు. ఇలా ఒక పేజీ రాయాలన్నా మాకు రాసేవాడు ఎవుడు?” అన్నాడు.

అందులో ఒక కవిత ఇప్పటికీ వదల్లేదు. అడ్డాకులు కోసి, ఎండబెట్టి, కుట్టి కుట్టి అరిగిపోయిన వేళ్లతో ఒకామె రేషన్‌కి వెళ్తుంది. మిషన్ మీద వేలిముద్ర పడదు. డీలరు ఇంకో వేలు పెట్టమంటాడు. పది వేళ్లూ అయిపోతాయి. అంతే కవిత. కోపం ఎక్కడా పైకి కనపడదు, కానీ చదివాక మనకి వస్తుంది. పుస్తకం అంతా ఇలాగే ఉందని చెప్పం. సగం కవితలు సభల్లో ఇచ్చే నినాదాల్లా ఉన్నాయి. అచ్చుతప్పులు బోలెడు. మనవాడు రాశాడు కాబట్టి అన్నీ బాగున్నాయని చెప్తే అది ఆయనకి మనం చేసే మర్యాద కాదు.

తెల్లారి మేం చేసిన పని ఇది. పుస్తకం మొత్తం ఫోన్‌లో ఫొటోలు తీసి, పీడీఎఫ్ చేసి, మాకు తెలిసిన గ్రూపులన్నిటికీ పంపేశాం. ‘మన భాషలో మన పుస్తకం, అందరికీ షేర్ చేయండి’ అని పైన రాశాం. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. రెండు రోజులు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. భలే పని చేశాం అనుకున్నాం.

మూడు నెలల తర్వాత ఎందుకో చివరి పేజీలు తిరగేస్తుంటే ‘ప్రతులకు’ అనే మాట కింద రచయిత ఊరు, ఫోన్ నంబరు కనపడ్డాయి. ఫొటోలు తీసినప్పుడు ఆ పేజీ అక్కర్లేదని వదిలేశాం. అంటే పీడీఎఫ్‌లో పుస్తకం ఉంది, అది ఎక్కడ కొనాలో లేదు. నంబరుకి ఫోన్ చేశాం.

“ఎవుల్రా బాబూ?”

“మాస్టారూ, ఎచ్చెర్ల నుంచండి. స్టూడెంట్లమండి. మీ పుస్తకం చదివామండి.”

కాసేపు అవతల చప్పుడు లేదు. “ఎక్కడ దొరికిందేటి మీకు?”

చెప్పాం. ఫొటోలు తీసి పంపిన సంగతి కూడా గొప్పగానే చెప్పాం.

“ఔను బావూ, నాకూ వచ్చింది. మా మేనల్లుడు పంపినాడు. మావయ్యా, నీ బుక్కు ఫ్రీగా వచ్చేసింది సూడు అని.” నవ్వారు. “మంచిదే, సదివినారు గదా.”

ఆ నవ్వు విన్నాక ఫోన్ పెట్టేసి ఎవరం ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ఆదివారం బస్సెక్కి ఆయన ఊరికి వెళ్లాం. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆశ్రమ పాఠశాలలో సీఆర్టీగా పనిచేస్తారు. ఐదు వందల కాపీలు వేయించారు. డీటీపీకి, అట్టకి, ప్రింటింగుకి కలిపి ముప్పై ఎనిమిది వేలు అయింది. అందులో కొంత జీతంలో మిగిల్చింది, కొంత వాళ్లావిడ పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు. ఆ వాయిదాలు ఇంకా కడుతున్నారు. టౌన్‌లో ఒక షాపులో పెట్టమంటే నలభై శాతం కమీషన్ అడిగి, ఐదు కాపీలు ఉంచుకుని, మళ్లీ ఫోన్ ఎత్తలేదట. వంద కాపీలు సన్మానాలకి వచ్చినవాళ్లకి ఊరికే పోయాయి. మిగిలినవి మంచం కింద కట్టలు కట్టి ఉన్నాయి. ఒక కట్టకి చెద పట్టింది.

ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. టీ ఇచ్చారు. మేమే అడిగాం, పీడీఎఫ్ వల్ల మీకు నష్టం జరిగిందా అని. “సదివినోడందరూ కొంటారని కాదు బావూ. కొనేవోడు కూడా, ఉన్నది గదా, ఇంకెందుకు అనుకుంటాడు.” తర్వాత లోపల్నుంచి రెండు నోటు పుస్తకాలు తెచ్చి చూపించారు. వాళ్లమ్మ చెప్పిన కథలు. ముప్పై పైనే ఉన్నాయి. మొదటి పుస్తకం డబ్బులు తిరిగొస్తే ఇది వేయిద్దామని ఆయన ఆలోచన. వాళ్లమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. వినికిడి తగ్గిపోతోంది. “అచ్చయినాక ఆవిడికి సదివి ఇనిపించాల. ఇనపడినప్పుడే అవ్వాల” అన్నారు.

నలభై కాపీలు అప్పు మీద తెచ్చుకున్నాం. వెల నూట ఇరవై. కందికొత్తలకి ఇళ్లకి వెళ్లినప్పుడు తలా కొన్ని పట్టుకెళ్లాం. అమ్మడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఉద్యోగాలున్న మన అన్నలే, “పీడీఎఫ్ ఉంది కదరా” అన్నారు. ఆ పీడీఎఫ్ పంపింది మేమే. భామిని వైపు ఒక ఊళ్లో మాత్రం చదువు రాని తాత ఒకాయన కాపీ కొని, మనవడి చేత అక్కడే చదివించుకున్నాడు. నాలుగో పేజీ దగ్గర ఆపమన్నాడు. “ఈ మాట ఇలగ కాదు. ఇది పక్క కొండోల్లు అంటారు” అని సరిదిద్దాడు. మాస్టారికి ఫోన్‌లో చెప్తే, మళ్లీ చెప్పండి అని పెన్సిలుతో రాసుకున్నారు. మనిషి అంత సంతోషంగా మాట్లాడటం మేం అప్పుడే విన్నాం.

ఇదంతా అయ్యాక మిగతా పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాం. ఈసారి కొనుక్కునే చదివాం.

మన పక్కనే, పార్వతీపురం మన్యం నుంచి రాస్తున్న మల్లిపురం జగదీశ్ గారి పుస్తకాలు ముందు చదవండి. ‘శిలకోల’, ‘గురి’ కథలు, ‘దుర్ల’ కవిత్వం. మన కొండల గురించి బయటివాళ్లు చాలా రాశారు, కొందరు ప్రేమగానే రాశారు. భూషణం గారి ‘కొండగాలి’ లాంటివి ఉన్నాయి. కానీ ఆ పుస్తకాల్లో మనల్ని ఎవరో చూస్తూ ఉంటారు. జగదీశ్ గారి కథల్లో చూసేవాడూ మనలోవాడే. మా జాతాపు మిత్రుడు ‘శిలకోల’ ఒక్క రోజులో పూర్తి చేసి, “మా ఊరు పుస్తకంలోకి వస్తాదని ఎప్పుడూ అనుకోలేదు” అన్నాడు. మాకు కవిత్వం కంటే కథలే ఎక్కువ నచ్చాయి. మీకు వేరేలా అనిపించొచ్చు.

రెండోది దూరం నుంచి. నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి తండాలో 1997లో పుట్టిన రమేష్ కార్తీక్ నాయక్. 2018లో ‘బల్దేర్ బండి’ అని కవిత్వం వేశారు. 2021లో ‘ధావ్లో’ అని కథలు. ధావ్లో అంటే బంజారాలు దుఃఖంలో పాడుకునే పాట. ఆ కథలకి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అవార్డు వచ్చింది కాబట్టి ఇప్పుడు అందరికీ తెలుసు అనుకోకండి, మా క్లాసులో అడిగితే ఇద్దరికి తెలుసు. మాకు ఆశ్చర్యం అనిపించింది ఏంటంటే, గోర్ బోలి మాటల్ని తెలుగు వాక్యంలో అలాగే కూర్చోబెడతాడు, సిగ్గుపడడు. మనం క్లాసులో ఒక సవర మాట నోరుజారితే నాలిక కరుచుకుంటాం.

సూర్యాధనంజయ్ గారితో కలిసి ఆయనే సంకలనం చేసిన బంజారా కథల పుస్తకం ‘కేసులా’ కూడా ఉంది. కేసులా అంటే మోదుగ పువ్వు. ఒక తెగ కథలన్నీ ఒక అట్ట కింద చేర్చడం ఎలాగో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. సవర, జాతాపు, గదబ, కొండదొర, కువి కథలు కలిపి అలాంటిది ఒకటి ఎందుకు రాకూడదని మా గదిలో రోజూ గొడవే.

శ్రీకాకుళంలో ఉన్నవాళ్లు, మాలా ఎచ్చెర్లలో ఉన్నవాళ్లు విశాఖ-ఎ కాలనీలో కథానిలయానికి ఒకసారి వెళ్లండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న తెరిచిన ఇల్లు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఆయన పట్టుదల. పేరున్నవాళ్లవి, లేనివాళ్లవి అని తేడా లేదు. మనలో ఎవరైనా కథల పుస్తకం వేస్తే అక్కడికి ఒక కాపీ పంపితే మంచం కింద చెద పట్టినా ఒకటి మిగులుతుంది. కవిత్వానికి అలాంటి ఇల్లు లేదు, అదొక్కటే బాధ.

గిడుగు రామమూర్తి గారి మాట కూడా చెప్పాలి. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి వాడుక భాష గురించి ఉపన్యాసాలు ఇస్తారు. పర్లాకిమిడిలో ఉండి మన సవర నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారన్నది ఎవరూ ఎక్కువ చెప్పరు. గొప్ప పని, కాదనం. కానీ ఆ పుస్తకాల్లో వివరం అంతా ఇంగ్లీషులో ఉంటుంది. ఆ మాటలు ఆయనకి చెప్పిన మన పెద్దల పేర్లు మా ఊళ్లలో ఎవరికీ తెలీవు. మాస్టారి రెండో పుస్తకంలో ప్రతి కథ కిందా ‘చెప్పింది మా అమ్మ’ అని పేరు వేస్తారట.

పుస్తకాలు ఎలా తెప్పించుకోవాలని అడుగుతారు కాబట్టి చెప్తున్నాం. సొంతంగా వేసుకున్నవాళ్ల పుస్తకాలు షాపుల్లో వెతికి లాభం లేదు. చివరి పేజీల్లోనో, అట్ట లోపలో ‘ప్రతులకు’ అని ఉంటుంది, ఆ నంబరుకే ఫోన్ చేయండి. చాలాసార్లు రచయితే ఎత్తుతారు. బేరం ఆడకండి, పోస్టు ఖర్చు కూడా మీరే ఇవ్వండి. చవకగా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టుని తపాలా శాఖ 2024 డిసెంబరులో ఆపేసింది. తర్వాత 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. మూడు వందల గ్రాముల వరకు ఇరవై రూపాయలు, ఐదు కిలోలకి వంద, పైన పన్ను. కాబట్టి ఒక్కొక్కరు కాకుండా హాస్టల్ అంతా కలిసి ఒక పార్సిల్ తెప్పించుకుంటే మిగులుతుంది.

ఇక మీ ఫోన్లలో ఉన్న ఆ పీడీఎఫ్ సంగతి. తీసేయమని అడుగుతున్నాం, తీసేశారో లేదో చూడలేం. కనీసం ఇంకొకరికి పంపకండి. పంపక తప్పదంటే చివరి పేజీ ఫొటో కూడా ఇప్పుడు తీసి పెట్టాం, అది కలిపి పంపండి.

తెచ్చిన నలభైలో ఇరవై తొమ్మిది అమ్మాం. డబ్బులు మాస్టారికి ఇచ్చేశాం. పదకొండు మా గదిలో ఉన్నాయి, కావాల్సినవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత వస్తే ఇస్తాం. ఆయన మంచం కింద ఇంకా రెండు కట్టలున్నాయి. వచ్చే నెల వెళ్లినప్పుడు ఒక కట్ట తెస్తాం. నోటు పుస్తకాల్లో కథలు డీటీపీ చేయడానికి మా కొండదొర మిత్రుడు కూర్చున్నాడు. నాలుగు కథలు అయ్యాయి. సవర టైపింగ్ వచ్చినవాళ్లు, ఆ పై కామా కీబోర్డులో ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.