పుట్టీ క్రింది తుప్పు

కారుపై రంగు బుడగలా పొంగితే అక్కడ తుప్పు మొదలైందని అనుకుంటాము. వాస్తవానికి అప్పటికే అది చాలా దూరం వెళ్ళి ఉంటుంది. తుప్పు తరచుగా రేకు వెనుకవైపు, కంటికి ఆనని చోట పుట్టి, చివరికి రంగును చీల్చుకొని బయటపడుతుంది.

మా అబ్బాజాన్ వదలి వెళ్ళిన వాటిలో ఒక అంబాసిడర్ కారు ఉంది. మచిలీపట్నంలో, ఉప్పుగాలి తగిలే ఇంటి ముందు అది పదకొండేళ్ళు కదలక నిలిచింది. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు చాలు. ఉప్పు తోడైతే ఆ పని మరింత వేగంగా సాగుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014లో ఈ కారు తయారీ ఆగిపోయింది. అయినా పాతవాటిని కోరి కొనేవారు ఇంకా ఉన్నారు. కనుక బాగుచేయించి అమ్మి, వచ్చిన సొమ్మును వారసులందరమూ షరీఅత్ వాటాల ప్రకారం పంచుకోవాలని నిశ్చయమైంది.

మొదట చూపించిన వర్క్‌షాపువారు మూడు రోజుల పని అన్నారు. తలుపుల క్రింది రేకు చిల్లులలో జాలీ కుక్కి, పుట్టీ నింపి, రంగు వేస్తే ఎవరికీ తెలియదన్నారు. మా తమ్ముడు మొగ్గు చూపాడు. “భాయ్‌జాన్, పాత కారు కొనేవాడికి తుప్పు ఉంటుందని తెలియదా?” అన్నాడు.

ప్రశ్న కొట్టివేయదగినది కాదు. కాని పాత కారులో కొంత తుప్పు ఉంటుందని తెలియడం వేరు. ఈ తలుపు క్రింద అసలు ఇనుమే లేదని తెలియడం వేరు. పైగా అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు. బాడీయే బరువును మోస్తుంది. తలుపుల క్రింది పెట్టె వంటి భాగం అందులో ముఖ్యమైనది. పుట్టీకి ఆ బలం లేదు. అది తేమను పీల్చి లోపలి తుప్పును మరింత పెంచుతుంది. సరుకులోని లోపాన్ని దాచి అమ్మరాదని, అలా అమ్మితే తిరిగి ఇచ్చే హక్కు కొనుగోలుదారునికి ఉంటుందని క్రయవిక్రయాల అధ్యాయంలో మేము ఏటా బోధిస్తాము. ఆ పాఠం మా వాకిట్లోని కారుకు కూడా వర్తిస్తుంది.

మాలో డబ్బు అవసరం ఎక్కువగా ఉన్నది మా చెల్లెలికే. “నా వాటా తగ్గినా ఫర్వాలేదు భాయ్‌జాన్. అందులో ఎవరి పిల్లలు కూర్చుంటారో!” అన్నది ఆమె. దానితో చర్చ ముగిసింది.

కారును విజయవాడ ఆటోనగర్‌లోని ఒక వృద్ధ పనివాని వద్దకు చేర్చాము. అక్కడ పిల్లలు ఆయనను ఉస్తాద్ అంటారు. మదరసాలో మమ్మల్ని పిలిచేదీ అదే పేరుతో. ఆయన ముందుగా బ్యాటరీ తీగలు విప్పి, పెట్రోలు ట్యాంకును దించివేశారు. బాడీకి క్రింద ఆధారాలు పెట్టి, తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుపకడ్డీ అతికించారు. లేనిచో క్రింది భాగం కోయగానే తలుపుల పొంతన చెడుతుంది. చిన్న సుత్తితో తట్టుతూ పోయారు. మంచి రేకు గణగణమంటుంది, తిన్న రేకు బొద్దుగా పలుకుతుంది. ఎంతవరకు కోయాలని అడిగితే, “ఇనుము తెల్లగా మెరిసేదాకా” అన్నారు.

అట్టముక్కతో కొలత తీసి, కొత్త రేకును వంచి, ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్కగా చల్లారనిస్తూ వెల్డింగ్ చేశారు. ఒకే చోట వేడి ఎక్కువైతే పలుచని రేకు మెలితిరుగుతుంది. అతుకులను నున్నగా అరగదీసి, జింక్ ప్రైమర్ పూసి, నీరు పోయే రంధ్రాలను తెరిచి ఉంచారు. పుట్టీ చివరగా వచ్చింది, పలుచని పూతగా. పుట్టీ దోషి కాదు. దాని చోటు ఇనుము మీద, ఇనుముకు బదులుగా కాదు.

ఖర్చు పెరగడంతో వెనుక చక్రం లోపలి భాగాన్ని బాగుచేయించలేదు. ఆ సంగతి అమ్మకపు కాగితంపై వ్రాశాము, పని జరిగినప్పటి ఫొటోలను చూపించాము. మొదట వచ్చినవారు వెనుదిరిగారు. తరువాత వచ్చినవారు పదిహేను వేల రూపాయలు తగ్గించి తీసుకున్నారు. ఆ తగ్గుదలలో చెల్లెలి వాటా కూడా ఉంది. ఆమె మరల ఆ మాట ఎత్తలేదు.

ఇంట్లో పాత వాహనం ఉన్నవారు వానలకు ముందే కాళ్ళ క్రింది మ్యాట్లు ఎత్తి చూడండి. తలుపుల అడుగు రంధ్రాలలో మట్టిని సన్నని పుల్లతో తీయండి. రంగు పొంగినచోట వ్రేలితో నొక్కి చూడండి. అమ్మే రోజు వస్తే, కొనేవారిని కూడా అక్కడే నొక్కి చూడమనండి.