పదకొండున్నరా తక్కువే, ఏడున్నరా తక్కువే

మీ ఫోన్‌లో ఎక్కడో ఒక బ్లడ్ టెస్ట్ పీడీఎఫ్ ఉండే ఉంటుంది. అందులో హిమోగ్లోబిన్ లైన్ చూడండి. ఒక నంబర్, దాని పక్కన కిందకి చూసే బాణం గుర్తో, బోల్డ్ అక్షరాలో ఉంటాయి. మనం బాణం చూసి నంబర్ వదిలేస్తాం. నా గొడవంతా ఆ బాణంతోనే.

సబ్బవరంలో మా ఇంట్లో ఒకే వారం ఇద్దరికి టెస్ట్ చేయించారు. పిన్ని కూతురికి 11.5 వచ్చింది, అమ్మకి 7.6. రిపోర్టులు ఇచ్చినాయన ఇద్దరికీ ఒకటే చెప్పాడట, "రక్తం తక్కువుందమ్మా, ఆకుకూరలు తినండి" అని. అమ్మ ఫోన్‌లో నాకు చెప్పిందీ అదే. "దానికీ తక్కువేనట్రా, నాకూ తక్కువేనట. ఆడోళ్లకి ఇది మామూలే." రిపోర్ట్ ఫొటో వాట్సాప్‌లో పెట్టమన్నాను. పెట్టాక అదే రోజు డాక్టర్ దగ్గరికి పంపించాను. ఏడాదిగా నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని, ఎవరికీ చెప్పలేదని అక్కడ డాక్టర్ అడిగితేగానీ బయటపడలేదు.

హెల్త్ డేటాలో వేరియబుల్స్‌కి రకాలుంటాయి. హిమోగ్లోబిన్ కంటిన్యువస్ వేరియబుల్, అంటే కొలత. 7.6కీ 7.7కీ మధ్య కూడా విలువలుంటాయి. దాన్నే ముక్కలు చేస్తే ఆర్డినల్ అవుతుంది, అంటే వరుస ఉన్న మెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గర్భిణి కాని మహిళలకి డెసిలీటర్‌కి 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత. 11 నుంచి 11.9 దాకా స్వల్పం, 8 నుంచి 10.9 మధ్యస్థం, 8 లోపు తీవ్రం. ఇంకా కుదిస్తే బైనరీ: ఉంది, లేదు. బాణం గుర్తు ఈ చివరిదే. కొలతని ఎప్పుడైనా మెట్లుగా మార్చుకోవచ్చు. 'ఉంది' అన్న మాట నుంచి మాత్రం 7.6ని వెనక్కి తీయలేం.

నంబర్‌లా కనిపించేదంతా కొలత కాదు, అది వేరే తమాషా. మా పిన్‌కోడ్ 531035. అనకాపల్లిది 531001. రెండిటికీ సగటు కట్టమంటే ఎక్సెల్ నోరు మెదపకుండా కట్టేస్తుంది. కానీ పిన్‌కోడ్ నామినల్, ఉత్త పేరు. బ్లడ్ గ్రూప్ కూడా అంతే.

అమ్మకి సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు, రక్తం పోవడానికి వైద్యం కూడా మొదలుపెట్టారు. మూడు నెలలకి 10.9 వచ్చింది. మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం లేదంది. బైనరీ కాలమ్‌లో చూస్తే? అప్పుడూ 'ఉంది', ఇప్పుడూ 'ఉంది'. ఆ కాలమ్ ప్రకారం మా అమ్మకి ఏమీ జరగలేదు.

ఇది తెలిశాక జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెల్ని వేరేగా చూస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు నాలుగో సర్వేలో 60 శాతం, 2019లో మన దగ్గర జరిగిన ఐదో సర్వేలో 58.8 శాతం. పెద్దగా ఏమీ మారలేదనిపిస్తుంది. అయితే తీవ్రం నుంచి స్వల్పానికి వచ్చినవాళ్లు ఎందరు, స్వల్పం నుంచి కిందకి జారినవాళ్లు ఎందరు అన్నది ఈ ఒక్క శాతం చెప్పదు. సర్వే రిపోర్ట్ లోపల మెట్లవారీ పట్టికలుంటాయి. వార్తల్లోకి, మనం ఫార్వర్డ్ చేసే ఫొటోల్లోకి వచ్చేది మాత్రం బైనరీయే.

మా ఊరికి ఇంకో చిక్కు కూడా ఉంది. జిల్లా కూడా నామినల్ వేరియబులే, ఆ పేరు మారిపోతుంది. ఐదో సర్వేలో అనకాపల్లి అని వెతికితే దొరకదు. ఆ జిల్లా పుట్టిందే 2022 ఏప్రిల్ 4న. అప్పటికి మేం విశాఖపట్నం జిల్లా లెక్కలో ఉన్నాం. అంటే పాడేరు ఏజెన్సీ, బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లు, సబ్బవరం... అన్నీ కలిపి ఒకటే వరస, ఒకటే శాతం. అందులో మా మండలం వాటా ఎంతో విడదీయడానికి ఆ పట్టిక సరిపోదు.

అమ్మకి ఈ వేరియబుల్స్ గోలేమీ అక్కర్లేదు. మొన్న పెద్దమ్మ ఫోన్ చేసి తనకీ రక్తం తక్కువుందన్నారంటే, "తక్కువ సరేగానీ అక్కా, నంబర్ ఎంతేశారు?" అని అడుగుతోంది.