లెక్కకెక్కని పద్దు

2022 అక్టోబరులో పోర్చుగల్, పరాయి దేశాల కంపెనీలకు ఇంటినుంచే పనిచేసేవాళ్ళకు వీసా తెరిచింది. అక్కడి కనీస వేతనానికి నాలుగింతల సంపాదన చూపాలి. మా అక్క కూతురు ఆ వీసామీదే లిస్బన్‌లో ఉంది. అద్దె, కరెంటు, బస్సు పాసు లెక్కేసి "మిగులుతోంది చిన్నమ్మా" అంటుంది. పిల్లవాణ్ణి చూసుకునే ఖర్చు అందులో లేదు. వాడు మక్తల్‌లో నా దగ్గరున్నాడు.

పాలమూరు ఆడవాళ్ళకిది కొత్త కాదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కొడుకూ కోడలూ బొంబాయి, పూణే పనులకు పోతే, పిల్లల్ని సాకింది ముసలమ్మలే. వలస వెళ్ళడానికి ఒకరు సంపాదన చూపాలి, ఇంకొకరు అప్పు మోయాలి. రెండు లెక్కల్లోనూ ఇంట్లో మిగిలిన ఆడదాని పని సున్నాయే.

పరదేశంలో బతుకు చవకంటున్నామంటే, ఆ తగ్గిన ధర ఇక్కడ ఎవరు కడుతున్నారో కూడా రాయాలి కదా!