పంటు మీద నరసాపురము

రాజమండ్రి నుండి నరసాపురము ఎంత దూరమంటారు? కోనసీమ మీదుగా పోతే నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఉదయము బయలుదేరినవారు మధ్యాహ్న భోజనమునకు చేరుకుంటారు. ఆ మాత్రపు దారికి మేము మూడు రోజుల ప్రయాణము వేశాము. విన్నవారందరూ నవ్వారు.

ప్రయాణము మాది కాదు. మా సంఘములో ఒక రిటైరైన చరిత్ర మాస్టారు, ఆయన భార్య ఉన్నారు. ఆయనకు 76, ఆమెకు 71. ఆమెను మేము పెద్దమ్మగారూ అని పిలుస్తాము. ఆమె పుట్టిల్లు నరసాపురము ప్రక్క పల్లె. జనవరిలో ఒక సాయంత్రము మేము వారింటికి వెళ్లినప్పుడు మాస్టారు మా చేతిలో ఒక కాగితము పెట్టారు. ధవళేశ్వరము, కడియము, ర్యాలి, ద్రాక్షారామము, యానాము, కోరంగి మడ అడవులు, అంతర్వేది, పేరుపాలెము. చివర నరసాపురము.

"రెండు రోజులలో అన్నీ చూపించేయాలి అయ్యగారూ" అన్నారు.

అంత తొందర ఎందుకని అడిగాము. పెద్దమ్మగారు కాఫీ కలపడానికి లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పారు. ఏడాదిగా ఆమెకు మరపు వస్తున్నది. మొదట వస్తువులు పెట్టినచోటు మరచిపోయేది, ఇప్పుడు మనుమల పేర్లు తడుముకుంటున్నది. డాక్టరుగారు మందులు వ్రాశారు గాని, ఇది తగ్గే జబ్బు కాదని కూడా చెప్పారట. "గుర్తున్నప్పుడే చూపించాలని" అని ఆగిపోయారు.

ఆమె కాఫీతో వచ్చిన తరువాత ఆమెనే అడిగాము, ఏమి చూడాలని ఉందమ్మా అని. ఆలోచించనైనా లేదు. "సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలి. అవతల మా ఊరు" అన్నది.

ఆ మాటతో కాగితములో సగము పేర్లు కొట్టివేశాము. మాస్టారికి ద్రాక్షారామము శాసనాలు వదలుకోవడం కష్టమైనది, మాకు తెలుసు. అవి ఎప్పుడు వెళ్లినా ఉంటాయని నచ్చచెప్పాము.

తరువాత నెల సంగతి. ఫిబ్రవరి చివర, మార్చి మొదటివారము మేలు. తెల్లవారి చలి పోతుంది, ఎండ ఇంకా ముదరదు. కాలువలలో నీరు ఉంటుంది, దాళ్వా వరి పచ్చగా ఉంటుంది, మామిడి పూత వాసన కారులోనికి వస్తుంది. ఏప్రిల్ వస్తే ఆ ఉక్కకు పెద్దవారు తాళలేరు. మరీ ముందుగా, మాఘమాసములో భీష్మ ఏకాదశి రోజులలో కూడా వద్దనుకున్నాము. అంతర్వేది తీర్థానికి వచ్చే జనముతో రేవులో కాలు పెట్టడానికి చోటుండదు.

మాస్టారు తానే కారు నడుపుతానన్నారు. శుక్లాల ఆపరేషను అయినది గాని, సందెవేళ ఎదురు లైట్లకు ఇప్పటికీ కళ్లు చెదురుతాయి. అందుచేత ఉదయము ఫలహారము చేసి బయలుదేరుట, నాలుగు గంటలకల్లా బస చేరుట అని ఒప్పందము. గంటకొకసారి ఆగాలి. ఆయన బి.పి. కొరకు వేసుకునే నీరు తీసే మాత్ర సంగతి డాక్టరుగారిని ముందే అడగమన్నాము. దారిలో ఇబ్బందని సొంతముగా మానివేసేవారిని మేము చాలామందిని చూశాము. గది క్రింది అంతస్తులో, వెస్టర్న్ టాయిలెట్టు ఉన్నదై ఉండాలి. మరపు ఉన్నవారికి క్రొత్త గదిలో అర్ధరాత్రి మెలకువ వస్తే భయము వేస్తుంది. కాబట్టి స్నానాలగది దీపము వెలుగుతూ ఉంచాలి, ఇంటి దుప్పటి, తలగడ తీసుకుపోవాలి, ఆమె చేతిసంచిలో మాస్టారి ఫోను నంబరు వ్రాసి పెట్టాలి.

మొదటి రోజు ధవళేశ్వరము. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట స్థానములో నేడు బ్యారేజి ఉన్నది. కాటన్ మ్యూజియములో మాస్టారు ఎంతసేపు ఉన్నా అభ్యంతరము లేదు. కడియము నర్సరీలలో పెద్దమ్మగారికి ఒక కుర్చీ వేయించి పూలమొక్కల మధ్య కూర్చోబెడితే చాలు. రాత్రి రావులపాలెములో.

రెండవ రోజు దారి కూడా చిన్నదే. కొబ్బరి తోటల మధ్యగా పి. గన్నవరము. అక్కడ నది మీదుగా కాలువ పోతుంది. క్రింద వైనతేయ గోదావరి, పైన అక్విడక్టులో పంట కాలువ. పాతది కాటన్ కాలము నాటిది. క్రొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1909లో చనిపోయిన ఆ తల్లి, ఏ వేళ ఏ బాటసారి వచ్చినా, కులము అడగకుండా అన్నము పెట్టినది. అక్కడ దిగి మెల్లగా నడవమన్నాము. రాత్రి దిండిలో, గోదావరి ఒడ్డున.

మూడవ రోజు ఉదయము పంటు. దిండి నుండి చించినాడ వంతెన దాటితే అరగంటలో పని అయిపోతుందని మాస్టారు మ్యాపు చూపించారు. నిజమే. ఆ వంతెన తిరుగు ప్రయాణానికి ఉంచాము. పంటు మీదికి కార్లు కూడా ఎక్కిస్తారు. రేవు వాలుగా ఉంటుంది, తడి బురద జారుతుంది, కాబట్టి ఆమెను ముందే దింపి చేయి పట్టుకొని నడిపించాలి. వశిష్ఠ అక్కడ విశాలముగా ఉంటుంది. పంటు నడిచినంతసేపూ తొందర పెట్టేవారు లేరు.

అవతల ఒడ్డున లేసు ఊరు. 19వ శతాబ్దములో మిషనరీ కుటుంబాలవారు నేర్పిన ఆ అల్లిక ఇంటింటికీ చేరినది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చినది. పెద్దమ్మగారు పెండ్లికి ముందు లేసు అల్లి చీటీలు కట్టిందట. మనుమల పేర్లు తడుముకునే ఆమె వ్రేళ్లు, లేసు సూది పట్టుకుంటే తడుముకోవు. మేము కళ్లారా చూశాము.

బయలుదేరే ముందు సాయంత్రము మళ్లీ వెళ్లాము. సంచులు గుమ్మములో సర్ది ఉన్నాయి. "పంటు ఉంటుందా అండీ?" అని ఆమె అడిగినది. ఉంటుంది అన్నారు మాస్టారు. కాఫీ త్రాగేలోపల మళ్లీ అడిగినది. మళ్లీ చెప్పారు. మేము లేచేటప్పుడు మూడవసారి అడిగినది. ఆయన జేబులోని కాగితము తీసి, ఆమె ప్రక్కన కూర్చుండి, అదే మొదటిసారి అన్నట్లు వ్రేలు పెట్టి రేవు ఎక్కడో చూపించసాగారు.